చక్రాలు కాదు, తాడు వరసలు లెక్కపెట్టాలి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసన్నపేట పక్కన మీ పొలంలో బోరు మోటారు ఆగిపోయింది. 200 అడుగుల లోతున, ఒకటిన్నర అంగుళం జీఐ పైపుల చివర అది ఉంది. సరుగుడు కర్రలతో మూడు కాళ్ల స్టాండు కట్టి, పైన ఒక పుల్లీ వేలాడదీసి ఆరుగురు కలిసి లాగారు. పైపు జానెడు కూడా లేవలేదు. పైగా స్టాండు తల దగ్గర కర్ర ఒకటి నిలువునా పగిలింది. షాపులో ‘ఇంకో పుల్లీ తీసుకెళ్లు, బరువు సగమైపోతుంది’ అన్నారు. మీ మావయ్యగారు ‘ఎన్ని పుల్లీలు పెట్టినా బరువు బరువే’ అన్నారు. ఎవరి మాట నిజం, ఎన్ని పుల్లీలు కావాలి, ఎంత లావు తాడు కొనాలి అన్నది మీరు అడిగింది.

ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు. మిగతా సగం తెలియకపోవడం వల్లే మీ కర్ర పగిలింది. నేను టెక్కలి దగ్గర గ్రానైటు క్వారీలో డెరిక్ (బండలు ఎత్తే క్రేను లాంటిది) మీద హెల్పరుగా చేరి, ఆ తర్వాత ఫ్యాక్టరీల్లో మిషన్లు ఎక్కించే పనిలో కలాసీగా, రిగ్గరుగా 30 ఏళ్లకు పైగా చేశాను. ఈ పనిలో దెబ్బలు తగిలిన చోట్లు ఎక్కువగా తాడు తెగిన చోట్లు కావు. తాడును కట్టిన చోటు ఊడిపోయినవి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మీరు ఎత్తేది ఎంత బరువో చూద్దాం. మీడియం రకం ఒకటిన్నర అంగుళం జీఐ పైపు మీటరుకు 3.6 కిలోలు తూగుతుంది. 200 అడుగులంటే 61 మీటర్లు, అంటే పైపే 220 కిలోలు. మోటారు, పంపు, కేబులు, జాయింట్లు కలిపి 70, 80 కిలోలు వేసుకోండి. ఇక చాలామంది మరిచిపోయేది పైపులోని నీళ్లు. పంపు పైన నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి దిగకుండా ఆపేది) ఉంటే మోటారు ఆగినా పైపు నిండా నీళ్లు అలాగే నిలిచి ఉంటాయి. బోరులో నీటిమట్టం కింద ఉన్న భాగంలో ఆ నీళ్ల బరువు మీకు తెలియదు, చుట్టూ ఉన్న నీరే దాన్ని మోస్తుంది. నీటిమట్టం పైన ఉన్న పైపులో మాత్రం మీటరుకు దాదాపు 1.4 లీటర్లు, అంటే 1.4 కిలోలు. మీ బోరులో నీళ్లు 100 అడుగుల కింద ఉంటే ఇదొక 40 కిలోలు. మొత్తం 350 కిలోలు అనుకుందాం. ఒక్కో పైపు విప్పేకొద్దీ ఇది తగ్గుతుంది కాబట్టి మీకు కష్టమంతా మొదటి రెండు మూడు పైపులే.

ఇప్పుడు మీరు వేసిన పుల్లీ సంగతి. పైన కదలకుండా వేలాడే పుల్లీ మన నూతి గిలక లాంటిదే. నూతి గిలక బరువును ఒక్క గ్రాము కూడా తగ్గించదు. పైకి లాగాల్సిన చేదను కిందికి లాగేలా చేస్తుంది, అంతే. కిందికి లాగేటప్పుడు మన ఒంటి బరువు కూడా సాయం వస్తుంది కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది. పది, పదిహేను కిలోల చేదకు అది చాలు. 350 కిలోలకు చాలదు. పైగా బేరింగ్ లేకుండా బుష్ మీద తిరిగే మామూలు పుల్లీ తిరగడానికే దాదాపు పదో వంతు బలం తినేస్తుంది. అంటే మీరు 390 కిలోల బలంతో లాగాలి. మీ ఆరుగురూ మనిషికి 60 కిలోలు ఉన్నారనుకుంటే, అందరూ కాళ్లు ఎత్తేసి తాడుకు వేలాడినా 360 కిలోలే అవుతుంది. పైపు ఎక్కడా ఇరుక్కోకపోయినా సరే, అది లేవదు. మీ వాళ్ల బలంలో లోటేమీ లేదు.

మరి కర్ర ఎందుకు పగిలింది? ఇక్కడ ఆగి ఒకసారి బొమ్మ గీసుకోండి. పై పుల్లీకి ఒక పక్క పైపు 350 కిలోలతో కిందికి గుంజుతోంది. రెండో పక్క మీ ఆరుగురు దాదాపు అంతే బలంతో కిందికే గుంజుతున్నారు. ఈ రెండూ కలిసి పుల్లీ కొక్కెం మీద పడతాయి. మీరు 350 కిలోలు ఎత్తుతున్నామనుకుని స్టాండు కట్టారు. దాని తల మీద పడింది 700 కిలోలు. పైపు కొంచెం లేచి ఉంటే 740 పడేది. పుల్లీని మూడు కర్రలూ కలిసే చోట కాకుండా ఒక్క కర్రకే కట్టి ఉంటే ఆ కర్ర పగలడం సహజం.

ఈ లెక్క నేను నేర్చుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. విజయనగరం జిల్లాలో ఒక ఫ్యాక్టరీ షెడ్డులో 600 కిలోల మోటారు ఎక్కిస్తున్నాం. పైకప్పు ట్రస్సు మీదున్న పర్లిన్‌కు (రేకులను మోసే అడ్డ ఇనుప కమ్మీకి) ఒకే ఒక్క పుల్లీ కట్టి తాడు కొస ట్రాక్టరుకు తగిలించాం. బలానికి కొదవ లేదు కదా అని మా ధైర్యం. మోటారు నడుమెత్తు లేచేసరికి పైన పర్లిన్ మెల్లగా ఒంగడం చూశాను. చప్పుడు లేదు. రేకుల మధ్య సందులోంచి ఎండ లోపలికి పడటం మొదలైంది, అలా తెలిసింది. అరిచి ఇద్దరం పక్కకు దూకాం. మోటారు ఫౌండేషన్ అంచు మీద పడి దాని కాలు విరిగింది. ఆ సాయంత్రం మేస్త్రీ నన్ను కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాడు: ‘ఆరు వందలు కింద వేలాడుతుంటే పైన ఎంత పడింది?’ నేను ఆరు వందలు అన్నాను. ఆయన నేల మీద సుద్దముక్కతో పుల్లీ గీసి, రెండు పక్కలా రెండు బాణాలు కిందికి గీశాడు. అప్పటి నుంచి ఎక్కడ పుల్లీ చూసినా నా కన్ను ముందు దాని కొక్కెం మీదికే పోతుంది.

ఇక షాపులో చెప్పిన ‘సగం’ ఎలా వస్తుందో చూద్దాం. ఒక బిందెను తాడు మధ్యలో వేలాడదీసి, తాడు రెండు కొసలు ఇద్దరు పట్టుకుని నిలబడ్డారనుకోండి. ఒక్కొక్కరి మీద సగం బరువే పడుతుంది. ఇప్పుడు ఒకరిని తప్పించి ఆ కొసను దూలానికి కట్టేయండి. దూలం జీతం భత్యం లేకుండా సగం బరువు మోస్తుంది, మిగతా సగమే మీది. బిందె దగ్గర తాడు జారడానికి ఒక పుల్లీ పెట్టారంటే అదే కదిలే పుల్లీ. లాభమంతా పైకీ కిందికీ కదిలే ఆ పుల్లీలోనే ఉంది. షాపులో కొన్న రెండో పుల్లీని కూడా తీసుకెళ్లి మొదటిదాని పక్కన పైనే కట్టారంటే తాడు మెలికలు పెరగడం తప్ప కిలో కూడా తగ్గదు.

అందుకే చక్రాలు లెక్కపెట్టవద్దు. కింద బరువుతో పాటు కదిలే బ్లాకును (చక్రాలు బిగించిన చట్రాన్ని) చూసి, దాన్ని ఎన్ని వరసల తాడు పైకి పట్టి ఉంచుతోందో లెక్కపెట్టండి. రెండు వరసలైతే బరువు రెండు భాగాలు, నాలుగైతే నాలుగు. మా పనిలో వీటిని ఫాల్స్ అంటాం. క్రేను దగ్గరికి వెళ్లి ‘ఎన్ని ఫాల్స్ వేశారు’ అని అడిగితే ఆపరేటరు వెంటనే చెప్తాడు. స్కూలు పుస్తకంలో యాంత్రిక లాభం అని చదివింది ఇదే. గ్రానైటు ఘనమీటరుకు 2.7 టన్నులు ఉంటుంది. నాలుగు ఘనమీటర్ల బండ అంటే దాదాపు 11 టన్నులు. రెండు మూడు టన్నులు లాగే వించి అంత బండను క్వారీ గోతిలోంచి పైకి తెచ్చేది ఈ వరసల బలం మీదే. కొత్తగా చేరిన రోజుల్లో నేను మధ్యాహ్నం తిండి తింటూ ఆ వైరు రోపు వరసలనే లెక్కపెట్టేవాణ్ణి.

మీ మావయ్యగారు అన్నదీ ఇక్కడే నిజమవుతుంది. నాలుగు వరసలు వేస్తే పైపు ఒక అడుగు లేవాలంటే నాలుగు వరసలూ ఒక్కో అడుగు కురచ కావాలి, అంటే మీరు నాలుగు అడుగుల తాడు లాగాలి. బలంలో మిగిలింది దూరంలో చెల్లిస్తాం. విజయనగరంలో బండి మీద ఊరేగే సిరిమాను (పొడవాటి మాను) చూసినవాళ్లకు దీనికి తలకిందుల లెక్క కళ్ల ముందే కనిపిస్తుంది. బండి దగ్గరున్న మొదలు కొంచెం కదిలితే చాలు, కొసన కూర్చున్న పూజారి అంతెత్తుకు లేస్తారు. అక్కడ బలం పెట్టి ఎత్తు కొంటున్నారు, ఇక్కడ మనం తాడు పొడవు పెట్టి బలం కొంటున్నాం. 20 అడుగుల పైపు మొత్తం పైకి రావాలంటే మీ వాళ్లు 80 అడుగుల తాడు లాగాలి.

రాపిడి సంగతి పుస్తకంలో ఒక వాక్యంలో ముగుస్తుంది, పనిలో మాత్రం అదే సగం కథ. చక్రం సాఫీగా తిరిగితే తాడు పొడుగునా ఒకే టెన్షన్, అంటే ఒకే బిగువు ఉంటుంది. నిజంలో తాడు ఒక్కో చక్రం దాటేసరికి టెన్షన్ పదో వంతు తగ్గుతుంది. మీరు 100 కిలోలతో లాగితే మొదటి చక్రం దాటాక 90, రెండోది దాటాక 81, తర్వాత 73, ఆ తర్వాత 66. నాలుగు వరసలూ కలిపితే 310. పేరుకు నాలుగింతలు, చేతికి వచ్చింది మూడింతలు. అదే బాల్ బేరింగ్ పుల్లీలైతే ఒక్కో చక్రం దగ్గర నూటికి నాలుగు వంతులే పోతాయనుకోండి, 360 దాకా వస్తుంది. వరసలు ఇంకా పెంచి ఆరు చేస్తే? మామూలు పుల్లీలతో వచ్చేది 4.2 మాత్రమే. రెండు చక్రాలు అదనంగా పెట్టి, రెండు వరసల తాడు అదనంగా కొని, మీకు మిగిలేది కొంచెమే. మీ పనికి నాలుగు వరసల దగ్గర ఆగడమే మంచిదని నా అభిప్రాయం. ఆ డబ్బుతో బేరింగ్ పుల్లీలు కొనండి.

మీ పుల్లీ ఎంత తింటుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. పుల్లీని దూలానికి కట్టి, తాడు ఒక కొసకు 25 కిలోల బియ్యం బస్తా వేలాడదీయండి. రెండో కొసకు లగేజీ తూచే స్ప్రింగు కాటా తగిలించి మెల్లగా, ఆగకుండా కిందికి లాగండి. బస్తా లేస్తున్నప్పుడు కాటా 28 చూపిస్తే పుల్లీ మామూలుగా ఉన్నట్టు. 32, 33 చూపిస్తే ఇరుసు తుప్పు పట్టిందో, తాడు చక్రం పక్కకు ఒరుసుకుంటోందో చూసుకోవాలి. కొందరు పుల్లీయే లేకుండా తాడును ఇనుప పైపు మీదుగా వేసి లాగుతారు. అలా సగం చుట్టు తిరిగిన తాడుకు, పైపు నునుపును బట్టి, బరువుకు రెండింతల బలం కావాలి. 350 కిలోలకు 700 లాగాలి. పైన పడేది వెయ్యి దాటుతుంది. అలా మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

ఈ రాపిడే మనకు కాపలా కూడా కాస్తుంది. తాడు, పుల్లీల సెట్టుకు బ్రేకు ఉండదు, వదిలితే పైపు బోరులోకి జారిపోతుంది. అందుకని లాగే తాడును పాతిన గుంజకో గట్టి చెట్టు మొదలుకో చుట్లు వేసి, చివర ఒక మనిషిని కూర్చోబెట్టండి. తాడు ఒక్క పూర్తి చుట్టు తిరిగితే పట్టుకోవాల్సిన బలం దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. రెండు చుట్లకు ఇరవైలో ఒక వంతు కూడా ఉండదు. ఆయిలర్ అనే గణితవేత్త పేరుతో దీనికి సూత్రం ఉంది. చుట్టు చుట్టుకూ కలుపుకుంటూ కాదు, హెచ్చవేసుకుంటూ పోతుంది. రేవులో పడవ మోకును గుంజకు మూడు చుట్లు వేసి కొస చేత్తో పట్టుకునే మన బెస్తవాళ్లకు ఆ సూత్రం పుస్తకంలో చూడాల్సిన పనే లేదు. మీ దగ్గర ఐదుగురు లాగుతుంటే, ఆరో మనిషి గుంజ దగ్గర వచ్చిన తాడును వచ్చినట్టు సవరించుకుంటూ మూడు చుట్లు బిగువుగా ఉంచాలి. ఎవరి కాలు జారినా ఆ ఒక్కడి పట్టు మీద పైపు నిలుస్తుంది.

ఇప్పుడు మీ 350 కిలోలకు మొత్తం లెక్క వేద్దాం. పైన రెండు చక్రాల బ్లాకు, కింద రెండు చక్రాల బ్లాకు, తాడు కొస పై బ్లాకుకు కట్టి నాలుగు వరసలు. మామూలు పుల్లీలతో లాగాల్సింది 113 కిలోలు. స్టాండు తల మీద పడేది 350, 113 కలిపి 463. ఒక్క పుల్లీతో 740 పడేది ఇప్పుడు 463కు దిగింది చూడండి. వరసలు పెంచితే మనకే కాదు, స్టాండుకూ తేలికవుతుంది. ఇది చాలామందికి తట్టదు.

లాగేవాళ్లు ఎక్కడ నిలబడతారన్నది ఇంకో సంగతి. తల నుంచి వచ్చే తాడును పట్టుకుని దూరంగా వెళ్లి ఏటవాలుగా లాగితే స్టాండు మొత్తం మీ మీదికే ఒరుగుతుంది. అలాగని సరిగ్గా కింద నిలబడి లాగితే, ఏదైనా ఊడితే మీ నెత్తి మీదే పడుతుంది. దీనికి మందు ఏమిటంటే స్టాండు ఒక కాలు మొదట్లో ఇంకో పుల్లీ కట్టడం. తాడు తల నుంచి ఆ కాలి వెంబడే దిగి, ఆ పుల్లీ చుట్టి, నేల మీద అడ్డంగా బయటికి వస్తుంది. లాగే బలం స్టాండు లోపలే ఉండిపోతుంది, ఒరగదు. ఈ పుల్లీ కూడా తన పదో వంతు తీసుకుంటుంది కాబట్టి లాగాల్సింది 125 కిలోలవుతుంది. ఐదుగురు మనిషికి 25 కిలోలు లాగితే సరిపోతుంది, గుంజ దగ్గర మనిషి వేరే. కాకపోతే ఆ కాలిని బయటికి గుంజే బలం ఉంటుంది గనుక మూడు కాళ్లనూ అడుగు లోతు గోతుల్లో దించి, కాళ్లు విడిపోకుండా అడుగున చుట్టూ తాడు కట్టండి.

దారి మళ్లించే ఇలాంటి పుల్లీల కట్టు మీద ఎంత పడుతుందన్నది తాడు మళ్లిన కోణాన్ని బట్టి ఉంటుంది. తాడు వెళ్లిన దారినే వెనక్కి వస్తే టెన్షన్‌కు రెండింతలు. ఇంగ్లీషు ఎల్ అక్షరంలా మళ్లితే 1.4 రెట్లు. రెండు వరసల మధ్య 120 డిగ్రీలు ఉండేలా కొంచెమే మళ్లితే సరిగ్గా టెన్షన్ అంతే. కాలి దగ్గర మీ పుల్లీ దాదాపు ఎల్ లాంటిదే, అంటే కట్టు మీద 160, 170 కిలోలు. పాత చీర పీలికతో కట్టే చోటు కాదు అది.

నేల మీద అడ్డంగా లాగేటప్పుడు ఇదే సెట్టులో ఒక సులువు ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మేం ఉద్దానం వెళ్లాం. ఎటు చూసినా కొబ్బరిచెట్లు పడుకుని ఉన్నాయి. కవిటి వైపు ఒక ఊళ్లో ఓ ఇంటి రేకుల మీద చెట్టు మొండెం అడ్డంగా ఉంది. లోపల ముసలావిడ, ఆమె మేకలు. క్రేను వచ్చే దారి లేదు, దారంతా చెట్లే. మా దగ్గర రెండు చక్రాల బ్లాకులు రెండున్నాయి. మామూలుగా కట్టి లాగితే మొండెం కదిలీ కదలనట్టు ఊగింది. అప్పుడు సెట్టును తిప్పి కట్టాం. పై బ్లాకుగా ఉన్నదాన్ని మొండానికి, కింది బ్లాకును నిలిచిన జీడిచెట్టు మొదట్లో కట్టాం. అంతే, ఇప్పుడు కదిలే బ్లాకును పట్టి ఉన్నవి నాలుగు వరసలు కాదు, మేం లాగే తాడుతో కలిపి ఐదు. రాపిడి పోను మూడింతలు వచ్చేది నాలుగింతలు వచ్చింది. కొత్త పుల్లీ లేదు, కొత్త మనిషి లేడు. మొండెం రేకుల మీంచి అంగుళం అంగుళం జరిగి పెరట్లోకి దిగింది. లాగే దిక్కు, బరువు రావాల్సిన దిక్కు ఒకటే అయినప్పుడల్లా సెట్టును ఇలా తిప్పుకోండి. బోరు పనిలో కుదరదు, ఎందుకంటే అక్కడ పైకి లాగడానికి పైన మనుషులు నిలబడలేరు.

తాడు విషయానికి వస్తే, కొత్త 16 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ తాడు తెగడానికి మూడు టన్నులకు పైనే కావాలి. మీ తాడులో టెన్షన్ 125 కిలోలు. అంత లావు ఎందుకని అనిపించవచ్చు. ముడి వేసిన చోట తాడు బలం సగం దాకా పడిపోతుంది. ఎండకు ఏడాది ఆరుబయట పడి ఉన్న తాడు పైకి బాగానే కనిపించి లోపల పొడి రాలుతుంది. మనుషులు చుట్టూ ఉండే పనిలో పదింతల మిగులు లేకుండా నేను తాడు ముట్టుకోను. పైగా సన్నతాడు చేతికి పట్టు దొరకదు, అరచేయి కోస్తుంది. 16 లేదా 18 మిల్లీమీటర్లు తీసుకోండి. పొడవు 150 అడుగులకు తగ్గకూడదు. నైలాన్ ఇంకా బలమైనదే గానీ రబ్బరులా సాగుతుంది, పైపును జాయింటు దగ్గర వేలెడు ఎత్తులో ఆపడం కష్టమవుతుంది. ఇంట్లో ఉన్న కొబ్బరి చేంతాడు జోలికి వెళ్లొద్దు. చక్రం గాడి కూడా తాడుకు సరిపోవాలి. తాడు గాడిలోంచి తప్పి చక్రానికీ చట్రం చెంపకూ మధ్య ఇరుక్కుంటే బరువు గాల్లోనే ఆగిపోతుంది, దించడమూ కుదరదు.

చేతులు పుల్లీకి మూరెడు దూరంలో ఉండాలి. నా ఎడమచేతి ఉంగరపు వేలికి చివరి కణుపు లేదు. తాడు మెలిక సవరిద్దామని పుల్లీ దగ్గర వేలు పెట్టాను, అదే సమయంలో అవతలివాళ్లు లాగారు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకు చెప్పే గొంతు అక్కడ లేదు. అందుకే లాగమనీ ఆపమనీ చెప్పేది ఒక్కరే కావాలి. మా డెరిక్ మీద ఎత్తమంటే ‘హబీస్’, దించమంటే ‘అరియా’ అని కేక వేసేవాళ్లం. అరియా అన్నది పోర్చుగీసు నావికుల నుంచి ఓడల కలాసీలకు, వాళ్ల నుంచి మా దాకా వచ్చిన మాట. మీరు ఏ మాటైనా పెట్టుకోండి. ‘ఆగు’ అన్న మాట మాత్రం ఎవరైనా అనవచ్చు, అన్నవెంటనే అందరూ ఆగాలి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. ఇదంతా పైపు స్వేచ్ఛగా వేలాడుతున్నప్పటి లెక్క. మీ పైపు నిజంగానే ఇరుక్కుని ఉంటే, అంటే బోరు గోడ కూలి మట్టి మోటారును పట్టేసి ఉంటే, అప్పుడు బరువు 350 కాదు. మీరు ఎంత లాగితే అంత. నాలుగు వరసల సెట్టు మూడింతల బలంతో మీ జాయింటు మరను తెంపుతుంది, తెగిన పైపు మోటారుతో సహా కిందికి పోతుంది, తెగిన తాడు కొరడాలా వెనక్కి వస్తుంది. ఇరుక్కుందో లేదో తెలుసుకోవడానికి కాటా పనికొస్తుంది. లాగే తాడుకు 200 కిలోల దాకా చూపించే వేలాడే కాటా తగిలించండి. 125 దగ్గర లేవాల్సిన పైపు 150 చూపించినా లేవకపోతే ఆగిపోండి. ఇంకో నలుగురిని పిలవొద్దు, ట్రాక్టరు అసలే వద్దు. బోరు ఫ్లషింగ్ (బోరు శుభ్రం చేసే) బండివాళ్లను పిలిపించండి.

నన్ను అడిగితే, ఒక టన్ను చైన్ బ్లాకు (గొలుసు లాగి బరువెత్తే యంత్రం) ఒక రోజు అద్దెకు తెచ్చుకోవడం ఇంకా మంచిది. అందులోని పళ్ల చక్రాల వల్ల ఒక్క మనిషే మీ పైపును ఎత్తగలడు, వదిలేసినా లోపలి బ్రేకు పట్టి ఉంచుతుంది, స్టాండు తల మీద పడేది దాదాపు 350 మాత్రమే. దాని లోపం ఒక్కటే. మామూలుగా దొరికేది మూడు మీటర్లే ఎత్తుతుంది, 20 అడుగుల పైపుకు మధ్యలో క్లాంపు వేసి రెండు విడతలుగా ఎత్తాలి. నిదానంగా సాగుతుంది, కానీ మనుషులు తక్కువగా ఉన్న ఇంట్లో నేను దాన్నే ఎంచుకుంటాను.

ఏది తెచ్చినా ముందు ఒకసారి తలెత్తి చూడండి. పొలం బోర్ల మీదుగా కరెంటు తీగలు పోతుంటాయి. నిలబెట్టిన 20 అడుగుల ఇనుప పైపు ఒరిగితే ఎక్కడిదాకా వెళుతుందో అడుగులు వేసి కొలవండి. తీగ ఆ దూరంలో ఉంటే లైన్‌మ్యాన్‌తో చెప్పి సప్లై తీయించే వరకు పని మొదలుపెట్టొద్దు. స్టార్టరు మెయిన్ ఆపి, ఫ్యూజులు మీ జేబులో పెట్టుకోండి.

తర్వాత క్లాంపులు. బోరు మూతి మీద పైపును పట్టే క్లాంపులు రెండు జతలు ఉండాలి. ఒకటి ఎత్తడానికి, రెండోది పైపు విప్పుతున్నంతసేపు కేసింగ్ (బోరు మూతి గొట్టం) మీద ఆనించి ఉంచడానికి. ఆనిన క్లాంపు బిగిసిందని చేత్తో తట్టి చూసి, తాడును వేలెడు వదులు చేసి, పైపు దిగడం లేదని తేలాకే రెంచి పట్టండి. జాయింటు విప్పగానే నీళ్లు మీద పడతాయి, తాడు, చేతులు తడిసి జారతాయి. పాత గోనెసంచి ఒకటి దగ్గర ఉంచుకోండి.

స్టాండు తలకట్టు మళ్లీ కట్టేటప్పుడు మూడు కర్రలనూ కలిపి చుట్టిన కట్టు మీదుగా ఒక స్లింగు (బరువు వేలాడదీసే తాడు మాల) వేసి, దానికి బ్లాకు తగిలించండి. కర్ర ఒక్కదానికి వేలాడదీయొద్దు. పగిలిన కర్రకు తీగ చుట్టి మళ్లీ నిలబెడదామని మీ వాళ్లెవరో తప్పకుండా అంటారు. ఆ కర్రను అప్పుడే నాలుగు ముక్కలు కోయించి పక్కన పెట్టండి, పైకి వచ్చిన పైపులను గట్టు మీదికి దొర్లించడానికి కింద వేసుకోవచ్చు.